ఉత్త నీళ్ళలో నీలి వెలుగు

ఎవరైనా ఏదైనా ఇస్తే ఆ పిల్ల వెంటనే అందుకునేది కాదు. ముందు ఇచ్చినవాళ్ళ మొహం చూసేది, తరువాత వాళ్ళ వెనక ఎవరున్నారో చూసేది, అప్పుడు చెయ్యి చాచేది. నేను మొదటిసారి ఒక పెన్ను ఇచ్చినప్పుడూ అంతే.

"ఇది మీదేనా అక్కా?"

"నాదే."

"మరి నాకెందుకిస్తున్నారు?"

రాసుకోవడానికని చెప్పాక తీసుకుంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు అందరూ చూస్తుండగా దాన్ని నా బల్ల మీద పెట్టి, "పెన్ను ఇచ్చేశాను" అని గట్టిగా చెప్పి మరీ వెళ్ళింది.

అప్పుడు నేను విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఇంట్లో పాకే పిల్ల ఉంది. నా మనసు సగం ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉండేది. మాది పొడవాటి ల్యాబ్. ఒక చివర కిటికీ, రెండో చివర సింకు, మధ్యలో నల్లరాతి బల్ల. నా పని స్ఫటికాలతో. అవి పెరిగేదాకా ఎదురుచూడటమే ఎక్కువ, కాబట్టి పక్కవాళ్ళేం చేస్తున్నారో చూసే తీరిక నాకుండేది. బల్లకు అవతలివైపు చివరి సంవత్సరం ప్రాజెక్టు చేసేవాళ్ళు ఇద్దరు కూర్చునేవారు. ఒకరు ఈ పిల్ల. రెండో అతన్ని అందరూ 'చిన్న డాక్టరు' అనేవారు. అతని తల్లీ తండ్రీ ఇద్దరూ డాక్టర్లు. అతనికి మాత్రం వైద్యంలో సీటు రాలేదు. ఆ లోటు మా విభాగం ఆ పేరు పెట్టి పూడ్చింది.

ఏడాది చివర ఈ ఇద్దరిలో ఒక్కరిని, ఆ ల్యాబ్ నడిపే మా సార్ తన దగ్గర పరిశోధనకు ఉంచుకుంటారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చిన్న డాక్టరుకు అది కాకపోతే ఇంకోటి ఉంటుంది. ఈ పిల్లకు కాకపోతే ఏముంటుందో నాకు తరువాత తెలిసింది.

పిల్లకూ ఒక పేరు పెట్టారు, 'ఇస్త్రీ' అని. ఆమెకు ఉన్నవే రెండో మూడో తెల్ల చొక్కాలు. అయితేనేం, వాటి కాలరు మీద వేలు పెడితే తెగేలా ఉండేది. ఆ పేరు చెవిన పడిన రోజు నా దగ్గరికి వచ్చింది.

"నాకా పేరు ఎవరు పెట్టారక్కా?"

"తెలీదు. నీ బట్టలు చూసి పెట్టుంటారు."

"బట్టలు చూసేనా?"

"మరి దేన్ని చూసి?"

తన చోటుకి వెళ్ళి కూర్చుంది. కానీ ఆ వారమంతా ఎవరు నవ్వినా అటు తిరిగి చూసింది. మీ అమ్మగారు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, "వస్త్ర పరిశ్రమలో ఉన్నారు" అని వార్తలు చదివినట్టు చెప్పేది.

ఒకరోజు మధ్యాహ్నం పాపకు ఒళ్ళు వెచ్చబడిందని కబురొస్తే, నేను దగ్గరదారి అనుకుని ఎప్పుడూ వెళ్ళని వీధిలోంచి వెళ్ళాను. ఆ వీధిలో పెద్ద లాండ్రీ ఉంది. హోటళ్ళ దుప్పట్లూ, ఆసుపత్రుల దుప్పట్లూ అక్కడికే వస్తాయి. షిఫ్టు వదిలిన ఆడవాళ్ళు గేటు దగ్గర వరసగా నిలబడి, ఒక్కొక్కరే సంచీ విప్పి కాపలావాడికి చూపించి బయటికి వస్తున్నారు. గేటు ఇవతల ఈ పిల్ల నిలబడి ఉంది. సంచీ చూపించి వచ్చిన ఒకావిడ చేతిలోంచి టిఫిన్ డబ్బా అందుకుంటూ నన్ను చూసింది. నేనాగలేదు.

మర్నాడు ల్యాబ్‌లో ఇంకెవరూ లేనప్పుడు అడిగింది.

"నిన్న ఆ వీధిలోకి ఎందుకొచ్చారక్కా?"

"పాపకి జ్వరం. దగ్గరదారని."

"అది దగ్గరదారేం కాదు."

"నాకేం తెలుసు? అనుకున్నాను."

"ఎవరికైనా చెప్పారా?"

"ఏమని చెప్పాలి?"

"ఏమీ లేకపోతే మంచిదే" అని వెళ్ళిపోయింది.

నేనెవరికీ చెప్పలేదని నమ్మకం కుదరడానికి చాలాకాలం పట్టింది. కుదిరాక ఒకరోజు చిన్న మూట తెచ్చి నా సంచిలో తనే పెట్టింది. చిరిగిన హోటల్ దుప్పట్లను చతురస్రాలుగా కోసి, అంచులు మడిచి కుట్టిన మెత్తటి తెల్లగుడ్డలు. పాపకు వాడుకోమని వాళ్ళమ్మ పంపిందట. కృతజ్ఞతలు చెబుదామని ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటే గది. మూలన వంట, గోడకు మడత మంచం. ఆ గదిలో ముడత పడ్డ బట్ట ఒక్కటి లేదు. తల్లి ముంజేతుల మీద అడ్డంగా పాత కాలిన మచ్చలు.

"గుడ్డలు వాడుతున్నావా అమ్మా?" అని అడిగింది.

"వాడుతున్నానండీ. ఒకసారి మరిగించి..."

"మేం మరిగించిందాన్ని మళ్ళీ మరిగించావా? పోనీలే, మొదటి బిడ్డ. రెండోదానికి నేల మీద పడింది కూడా తుడిచి నోట్లో పెడతావు."

పిల్ల తల్లిని కసిరింది. ఆవిడ పట్టించుకోలేదు. తన పని గురించి చెప్పింది. రోలరు అంటే ఆవిరితో కాలుతూ తిరిగే పెద్ద ఇనప గొట్టం. ఇటు ఇద్దరు తడి దుప్పటి అందిస్తారు, అటు ఇద్దరు ఎండి, ఇస్త్రీ అయి వచ్చిందాన్ని అందుకుని మడతపెడతారు. మడతబల్ల మీద పోగులుంటే తెల్లదుప్పటికి అంటుకుంటాయి. అందుకని వాళ్ళలో ఒక ఆనవాయితీ. పొద్దున్నే ముందొచ్చినవాళ్ళు తమ బల్ల ఒక్కటే కాదు, అందరి బల్లలూ తుడవాలి. తుడిచామని చెప్పకూడదు. చెబితే చేసిన పని పోయి మాట మిగులుతుందట.

"మా రోలరు మీద ఒక చోటు ఖాళీగా ఉంది" అని ఆవిడ కూతురి వంక చూడకుండా అంది. "సూపర్‌వైజరు అడుగుతూనే ఉంటాడు, మీ అమ్మాయి చదువెప్పుడు అయిపోతుందని. ఈ చదువు ఎటు తీసుకెళ్తుందో నాకైతే తెలీదమ్మా. నువ్వు చెప్పు. వాళ్ళు దీన్ని ఉంచుకుంటారా?"

నాకు తెలియదు. ఉంచుకుంటారనే అన్నాను. ఆవిడ నమ్మలేదు.

ల్యాబ్‌లో గొడవ ఆ తరువాత మొదలైంది. వాళ్ళ ప్రాజెక్టు నీళ్ళలో అతి కొద్దిగా ఉండే ఒక కాలుష్య పదార్థాన్ని కొలవడం. ఆ నీటి మీద అతినీలలోహిత కాంతి వేస్తే ఆ పదార్థం నీలంగా వెలుగుతుంది. వెలుగు ఎంతో యంత్రం చెబుతుంది. వేలెడంత గాజు డబ్బీలో నీళ్ళు పోసి యంత్రంలో పెట్టాలి. అసలు నమూనాలకు ముందు ఏ పదార్థమూ లేని శుద్ధమైన నీళ్ళు పెట్టి చూస్తారు. అప్పుడు వెలుగు రాకూడదు. వస్తే తరువాతి కొలతలేవీ నమ్మడానికి లేదు.

ఉత్త నీళ్ళు వెలుగుతున్నాయి. రోజూ కాదు. కొన్ని రోజులు ఏమీ ఉండదు, కొన్ని రోజులు ఆ పిల్ల డబ్బీల్లోనూ చిన్న డాక్టరు డబ్బీల్లోనూ కూడా వెలుగు. నీళ్ళు మార్చారు, దీపం మార్చారు. ఆఖరికి సార్ మమ్మల్ని బల్ల చుట్టూ నిలబెట్టారు.

"పొద్దున్నే ముందుగా ఎవరొస్తున్నారు?"

"నేనే సార్" అని ఆ పిల్ల కాలరు సర్దుకుంది.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారట" అన్నాడు చిన్న డాక్టరు సరదాగానే.

సార్ నవ్వలేదు. "వచ్చి ఏం చేస్తావు?"

"చదువుకుంటాను సార్."

"డబ్బీలు ముట్టుకుంటావా?"

ఒక్క క్షణం ఆగి, "లేదు సార్" అంది.

ఆ క్షణం సార్ కూడా చూశారు. ఆమె రాని రోజుల్లో నీళ్ళు శుభ్రంగా ఉంటున్నాయన్న సంగతి మా అందరికీ అప్పటికే తెలుసు. ఎవరూ పైకి అనలేదంతే. పోటీలో ఉన్నవాడి కొలతలు చెడగొడితే లాభం ఎవరికి? తనవి కూడా చెడగొట్టుకుంటే అనుమానం రాదు కదా? కారిడార్‌లో ఇలాంటి లెక్కలు నడిచాయి. చదువుకున్నవాళ్ళ అనుమానానికి తర్కం కూడా తోడవుతుంది. అందుకే అది మామూలు అనుమానం కన్నా గట్టిది.

ఒక సాయంత్రం సార్ నా చేతిలో కొత్త తాళంచెవి పెట్టి, "పాతది ఇక పనిచేయదు" అన్నారు. మర్నాడు నేను వెళ్ళేసరికి పిల్ల తలుపు దగ్గర వంగి పాత చెవిని అటూ ఇటూ తిప్పుతోంది.

"తాళం పట్టేసిందక్కా" అంది. అంతలో నా చేతిలోది చూసింది. "మీకిచ్చారా?"

"నీకూ ఇచ్చారనుకున్నాను."

"అలాగా" అని పక్కకు జరిగి నాకు దారిచ్చింది.

ఆనాటి నుంచి ఆమె అందరూ వచ్చాకే వచ్చేది. ఉత్త నీళ్ళు వెలగడం మానేశాయి. "ఈ మధ్య నీళ్ళు బుద్ధిగా ఉంటున్నాయి" అన్నాడు చిన్న డాక్టరు, ఎవరినీ చూడకుండా. సార్ పిల్లతో, "రేపు పదకొండింటికి రా, మాట్లాడాలి" అన్నారు.

ఆ రేపు, పదకొండుకు ముందు, పిల్ల నన్ను చీకటిపెట్టె దగ్గరికి లాక్కెళ్ళింది. లోపల అతినీలలోహిత దీపం ఉండి, పైనున్న సందులోంచి కన్ను పెట్టి చూసే పెట్టె అది. ఆమె గుప్పిట్లో ఒక తెల్లగుడ్డ, అందులో చుట్టిన గాజు డబ్బీ.

"పాత తాళం ఉన్నప్పుడు వెలిగిన డబ్బీ ఇది. దాచిపెట్టాను" అంది గొంతు తగ్గించి. "అతనేదో పొడి రాస్తున్నాడక్కా. నేను ముందొచ్చే రోజులే చూసి రాస్తాడు, అప్పుడైతే నా మీదికొస్తుంది. ఇప్పుడు నేను ముందు రావట్లేదు, కాబట్టి రాయట్లేదు. గాజు మీద దాని మరక ఉండి తీరుతుంది. సార్‌కి చూపిస్తాను. మీరు సాక్ష్యం ఉండాలి."

కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. అవే సంఘటనలను ఆమె లెక్కా వివరిస్తుంది, కారిడార్ లెక్కా వివరిస్తుంది.

ఆమె చేతులు రెండూ పెట్టెలోకి పోనిచ్చి దీపం వేసింది. సందులోంచి ముందు నేనే చూశాను. గాజు డబ్బీ మీద సన్నటి నీలిపోగులు వెలుగుతున్నాయి. కానీ ముందు కంటికి కొట్టింది అది కాదు. దాన్ని పట్టుకున్న గుడ్డ దీపంలాగే మండుతోంది.

"చూడు" అని జరిగాను.

ఆమె చాలాసేపు చూసింది. "ఇదేమిటక్కా?"

"తెల్లబట్ట ఇంకా తెల్లగా కనపడాలని ఉతికే సబ్బులో ఒక మందు కలుపుతారు. ఈ కాంతి పడితే నీలంగా వెలుగుతుంది. ఈ గుడ్డ గాజుకెలా తగిలింది?"

దీపం ఆర్పి చేతులు బయటికి తీసింది. అది ఇంట్లోంచి తెచ్చిన గుడ్డేనని చెప్పింది. పొద్దున్నే వచ్చి డబ్బీలన్నీ కడిగి ఆ గుడ్డతో లోపలా బయటా తళతళలాడేట్టు తుడిచేది. డబ్బీలు తుడవడానికి పోగు రాలని టిష్యూ కాగితాలుండేవి కానీ, ఒక్కటి లాగినా ఖర్చని సార్ తలెత్తి చూసేవారు. ఆమె లాగేది కాదు. తన ఎరుకలో అన్నిటికన్నా శుభ్రమైన గుడ్డ తెచ్చుకుంది.

"అతనివి కూడానా?"

"ముందొచ్చేది నేనే కదక్కా."

"సార్ అడిగినప్పుడు లేదన్నావు."

"అందరివీ కడుగుతున్నానని ఎలా చెప్పను? ఇన్నాళ్ళూ ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు." గుడ్డను చిన్నగా మడతపెట్టింది. వేళ్ళకు అలవాటైన మడత. "ఇప్పుడు చెప్పకపోతే దొంగని. చెబితే అందరి గాజూ కడిగిన పనిదాన్ని. రెండిట్లో ఏది నయం?"

"నువ్వు దొంగవి కాదు కదా."

"నేనడిగింది అది కాదక్కా."

తరువాత ఏదో తోచి నా కళ్ళలోకి చూసింది. "మీ పాప గుడ్డలూ ఇవే. మీకు ముందే తెలుసా?"

తెలియదన్నాను. అదే మాట నాలో ఇంకో భయం లేపింది. ఆ గుడ్డల్లో పాప పడుకుంటోంది. చర్మానికి ఏమైనా అవుతుందా అని ఆ మాటల మధ్యలోనే లెక్కలు వేయడం మొదలుపెట్టాను. ఆమె నా మొహంలో ఏం చదివిందో గానీ, గుడ్డ తీసుకుని సార్ గదివైపు నడిచింది.

సార్ గదిలో చిన్న డాక్టరు కూడా ఉన్నాడు. నన్నూ రమ్మన్నారు. పిల్ల ఉపోద్ఘాతమేమీ లేకుండా, "సార్, మీరు అనుకుంటున్నది నేను చేయలేదు. మీరు అనుకోనిది చేశాను" అని మొదలుపెట్టింది. అందర్నీ చీకటిపెట్టె దగ్గరికి తీసుకెళ్ళి గుడ్డ చూపించింది, డబ్బీ చూపించింది. పొద్దున్నే ఏం చేసేదో చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది, మెడ మాత్రం ఎర్రబడింది.

సార్ సందులోంచి చూస్తూ ఉండిపోయారు. తరువాత నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వారు కాబట్టి చిన్న డాక్టరూ నవ్వాడు.

"ఇన్నాళ్ళూ నా డబ్బీలు నువ్వు కడిగేదానివా? నేను మన అటెండరు అనుకున్నాను" అన్నాడు. "ఈ గుడ్డ ఎక్కడిది?"

"హోటల్ దుప్పటి. చిరిగినవి మాకిస్తారు."

"ఇచ్చేస్తారా అలా?"

"గేటు దగ్గర చూపించే తెచ్చుకుంటాం."

"మీ అమ్మగారు టెక్స్‌టైల్స్ అన్నావు కదా?"

"లాండ్రీ. రోలరు మీద పని."

ఆ ఒక్క మాట ఇంతకాలం గొంతులో పెట్టుకుని తిరిగింది కదా, బయటికి వచ్చాక ఏమవుతుందోనని నేను అందరి మొహాలూ చూశాను. ఏమీ కాలేదు. చిన్న డాక్టరు "ఓ" అన్నాడంతే. సార్ కళ్ళు తుడుచుకుని, "పోనీ, కారణం దొరికింది. కొత్త తాళంచెవి తీసుకో" అన్నారు.

"తాళం ఎందుకు మార్చారు సార్?"

"పాతది తుప్పుపట్టింది" అన్నారాయన కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ సాయంత్రం నన్ను కూడా లాండ్రీ గేటు దాకా రమ్మంది. ఎందుకో అక్కడికెళ్ళాక అర్థమైంది. జరిగింది విని వాళ్ళమ్మ మొదట అడిగింది ఒకటే.

"నవ్వారా? ఎలా నవ్వారు?"

"ఎలా ఏమిటమ్మా, నవ్వారు."

"నువ్వు చెప్పమ్మా" అని ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వు పక్కనున్నావుగా. పొట్ట పట్టుకునా, ముక్కుతోనా?"

"సార్ పొట్ట పట్టుకునేనండీ."

"రెండోవాడు?"

ఆలోచించాల్సి వచ్చింది. "కొంచెం ముక్కుతో."

"అనుకున్నాను" అంది ఆవిడ. "తాళంచెవి ఇచ్చారా, ఇస్తామన్నారా?" పిల్ల తీసి చూపించింది. ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి తిరిగిచ్చింది. "అయితే ఒకటి చెప్పు. మా దగ్గర ఒకరోజు నేను ముందొస్తాను, ఒకరోజు నా పక్కావిడ ముందొస్తుంది. తాళం మారకముందు, నీకంటే ముందు అక్కడికి ఎప్పుడైనా ఎవరైనా వచ్చారా?"

"లేదు."

"మరి అది ఆనవాయితీ ఎలా అవుతుందే?"

మర్నాడు నేను వెళ్ళేసరికి పిల్ల సింకు ముందు నిలబడి ఉంది. సింకు నిండా మురికి గాజు. డబ్బీలు, బీకర్లు, అడుగున ఏదో ఎండిపోయిన గరాటు. మొత్తం చిన్న డాక్టరువి.

"నిన్న నేను వెళ్ళేటప్పుడు ఇవి లేవక్కా" అంది.

మరిచిపోయి ఉండొచ్చు. కావాలని వదిలి ఉండొచ్చు. వెనకటి నుంచీ అతని గాజు ఇలాగే సింకులో పడి ఉండేదేమో, ఆమె తీసేయడం వల్ల మాకెవరికీ కనపడలేదేమో. నేను ఇవన్నీ ఆలోచిస్తుండగా ఆమె తన డబ్బీలు రెండూ కడిగి, తుడవకుండా, గాలికి ఆరేలా బోర్లించింది. తరువాత అతని గాజును ఒక్కొక్కటే తీసి, ఉన్నది ఉన్నట్టుగా, అతని బల్ల మీద వరసగా పెట్టింది. కాగితాలు తడవకుండా ముందు వాటిని పక్కకు జరిపింది కూడా.

చిన్న డాక్టరు వచ్చాడు. "ఇవిక్కడ ఎందుకున్నాయి?"

"నీవి కాబట్టి."

"నువ్వెలాగూ కడుగుతావు కదా అనుకున్నాను." అందులో వెటకారం లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"కడిగాను. ఇక కడగను."

"కోపమా?"

"కాదు. చెబుతున్నాను."

సార్ తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. బల్ల చూశారు, ఆమెను చూశారు. పిల్ల వెనక్కి తగ్గలేదు, కూర్చోలేదు. ఈ ఒక్క చూపుతో రోలరు దగ్గరి ఖాళీ చోటు ఎంత దగ్గరికొచ్చిందో నేను లెక్క కట్టుకుంటున్నాను. ఆమె కూడా అదే చేస్తోందని ఆమె నిలబడిన తీరే చెప్పింది. సార్ గొంతు సవరించుకుని, "ఎవరి గాజు వాళ్ళు కడుక్కుని పని మొదలుపెట్టండి" అని లోపలికి వెళ్ళిపోయారు. చిన్న డాక్టరు చేతుల్లో పట్టినన్ని తీసుకుని సింకు దగ్గరికి నడిచాడు. గరాటు ఎలా కడగాలో తెలియక కాసేపు తంటాలు పడ్డాడు. ఆమె చూస్తూ ఉండిపోయింది గానీ కదలలేదు.

ఏడాది చివర సార్ ఆమెనే ఉంచుకున్నారు. ఇప్పుడామె నా పక్కనే పనిచేస్తోంది. వాళ్ళమ్మ రోలరు మీద ఖాళీ చోటు ఇంకెవరికో వెళ్ళింది. అయినా ఆ పిల్ల పని మధ్యలో ఆగి అప్పుడప్పుడు అడుగుతూనే ఉంటుంది. "అక్కా, నన్నెందుకు ఉంచుకున్నారంటారు? పని బాగా చేస్తాననా? తాళం సంగతి బయటికి రాకూడదనా? ఎప్పటికైనా మళ్ళీ అందరివీ కడుగుతాననా?"

మొదటిదే అంటాను. "మీకెలా తెలుసు?" అంటుంది.

నాకు తెలియదు. సార్‌ను అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు.